చదువు రాదన్న పిల్లలకు చదువు చెప్పిన డాక్టరమ్మ

మాంటిసోరి అనే పేరు వినని తల్లిదండ్రులు మన మలేసియా పట్టణాలలో ఉండరు. పెద్ద వీధులలోనూ చిన్న సందులలోనూ ఆ పేరుతో బాలబడుల బోర్డులు కనబడుతూనే ఉంటాయి. చాలామంది అది ఏదో ఒక తరహా బడికి పెట్టిన పేరనో, ఒక కంపెనీ పేరనో అనుకుంటారు. అది ఒక మనిషి పేరు. ఇటలీ దేశంలో పుట్టిన ఒక వైద్యురాలి పేరు. ఆమె మొదట చదువు చెప్పినది కలవారి పిల్లలకు కాదు. బుద్ధి లేదు, చదువు రాదు అని తీర్మానించి పిచ్చాసుపత్రి గదులలో పడవేసిన పిల్లలకు. ఆ పిల్లల దగ్గర తాను నేర్చుకున్నదానినే తరువాత మామూలు పిల్లలకూ, చురుకైన పిల్లలకూ ఉపయోగించింది. ఇంకొక విశేషం కూడా ఉంది. మన తాతముత్తాతలు ఓడ ఎక్కిన ఆ మద్రాసు రాజధానిలోనే ఆమె తన జీవితంలో చాలా ఏళ్ళు గడిపింది. అందుచేత ఆమె కథ మన సంచికలో చెప్పుకోదగినదే.

మరియా మాంటిసోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ తూర్పు తీరంలో, అంకోనా నగరానికి దగ్గరగా ఉన్న కియరవల్లే అనే చిన్న ఊరిలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి, క్రమశిక్షణ గల పాతకాలపు మనిషి. తల్లి రెనిల్డే స్టొప్పాని. ఆ రోజుల్లో ఆడవారికి అరుదైన చదువు ఆమెకు ఉండేది, పుస్తకాల మీద ప్రీతి కూడా ఎక్కువ. మరియా వారికి ఒక్కతే బిడ్డ. తండ్రి బదిలీల వల్ల కుటుంబం మొదట ఫ్లోరెన్సుకు, తరువాత 1875లో రోము నగరానికి చేరింది.

ఆడపిల్ల చదివితే పంతులమ్మ కావాలి, లేకపోతే పెళ్ళి చేసుకోవాలి. ఆనాటి ఇటలీలో అంతకు మించి దారి లేదు. ఈ పిల్లకు మాత్రం లెక్కలంటే ఇష్టం. పదమూడవ ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. ఇంజనీరు కావాలని కొన్నాళ్ళు కలలు కన్నది. తరువాత మనసు మార్చుకుని వైద్యం చదువుతానన్నది. తండ్రికి ఇష్టం లేదు. తల్లి మాత్రం కూతురి పక్షం వహించింది. మరియా 1890లో రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతి శాస్త్రాలలో చేరి, ఆ పరీక్షలు ప్యాసై, 1893లో వైద్య విద్యలోకి ప్రవేశించింది.

అక్కడ ఆమె పడిన పాట్లు ఈ కాలపు ఆడపిల్లలకు వింతగా తోస్తాయి. మగ విద్యార్థుల సమక్షంలో ఒక స్త్రీ నగ్న శవాన్ని కోయడం మర్యాద కాదని, అందరూ వెళ్ళిపోయిన తరువాత ఒక్కతే శవాల గదిలో కూర్చుని ఆ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. తోటి విద్యార్థుల వెక్కిరింపులు సరేసరి. చివరి సంవత్సరంలో ఆమె ఇచ్చిన ఉపన్యాసానికి తండ్రి అనుకోకుండా వెళ్ళాడనీ, సభలోని పెద్దలు వచ్చి అభినందించేసరికి మనసు మారి ఇంటికి తిరిగి వచ్చాడనీ చెబుతారు. ఆమె 1896లో డాక్టరు పట్టా పుచ్చుకున్నది. ఇటలీలో ఆ పట్టా పొందిన మొదటి కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. 1897లో ఆమె విశ్వవిద్యాలయం వారి మానసిక వైద్యశాలలో చేరింది. చికిత్సకు తగిన రోగులను ఎంచడానికి రోములోని పిచ్చాసుపత్రులకు వెళ్ళి వస్తూ ఉండేది. అక్కడ పెద్దవాళ్ళతో పాటు పిల్లలు కూడా ఉండేవారు. వాళ్ళు పిచ్చివాళ్ళు కారు. కొందరికి మాట ఆలస్యంగా వచ్చింది. కొందరికి బుద్ధి నిదానంగా పని చేస్తుంది. కొందరికి మూర్ఛలు. ఇంట్లో పెట్టుకోలేక, బడిలో చేర్చుకోక, చివరికి ఆ గదులలోకి తోసేశారు. అప్పటి వైద్య గ్రంథాలు వాళ్ళను పిలిచిన పేర్లు ఈనాడు తిట్లుగా మాత్రమే మిగిలాయి. మన తెలుగులో కూడా మొద్దు, మందమతి, వెర్రిబాగుల అంటూ ఎంత తేలికగా అనేస్తామో మనకు తెలియనిది కాదు.

ఆమె జీవిత చరిత్ర వ్రాసినవారందరూ చెప్పే సంగతి ఒకటి ఉంది. ఒక ఆసుపత్రిలో ఆ పిల్లలను చూసుకునే ఆయా, వాళ్ళ మీద అసహ్యంతో ఒక ఫిర్యాదు చేసింది. భోజనం కాగానే ఈ పిల్లలు నేల మీద పడి రొట్టె పొడి ఏరుకుంటారట. మాంటిసోరి గది నలువైపులా చూసింది. ఖాళీ గోడలు. ఒక బొమ్మ లేదు, ఒక కర్ర ముక్క లేదు, చేతితో పట్టుకోదగిన వస్తువు ఏదీ లేదు. ఆకలి కడుపుది కాదు, చేతులది, అని ఆమెకు తోచింది. పట్టుకోవడానికీ, తిప్పి చూడడానికీ ఆ గదిలో దొరికేవి ఆ రొట్టె పొడులు మాత్రమే. ఆయా చూసిన దృశ్యమే డాక్టరూ చూసింది. ఒకరికి అందులో పశుత్వం కనిపించింది, ఇంకొకరికి బుద్ధి కనిపించింది.

అప్పటి నుంచి ఆమె పాత పుస్తకాలు వెతకసాగింది. ఫ్రాన్సులో ఇటార్ అనే వైద్యుడు వంద ఏళ్ళ క్రితం, ఆవిరాన్ అడవులలో దొరికిన మాటలు రాని ఒక బాలుడికి ఐదారేళ్ళు ఓపికగా నేర్పడానికి ప్రయత్నించాడు. ఆయన శిష్యుడు సెగువాన్ బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం పారిసులో బడి నడిపి, తరువాత అమెరికా వెళ్ళి స్థిరపడ్డాడు. ఇంద్రియాలకు తర్ఫీదు ఇస్తే బుద్ధి మేలుకొంటుందని ఆయన నమ్మకం. అందుకు చెక్కలు, మేకులు, రంగులు, ఆకారాలతో ఎన్నో పనిముట్లు తయారు చేశాడు. లోకం ఆయనను మరచిపోయింది. మాంటిసోరి ఆ ఇద్దరి గ్రంథాలను సంపాదించి, మొదటి నుంచి చివరి వరకు తన చేతితోనే ఇటాలియన్ భాషలో వ్రాసుకున్నది. సెగువాన్ పుస్తకం ఒక్కటే ఆరువందల పేజీలకు పైన. ప్రతి మాటకూ అర్థం తూచి చూసుకోవడానికే అలా వ్రాశానని ఆమె తరువాత చెప్పుకున్నది.

1898లో టూరిన్ నగరంలో ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. ఈ పిల్లల విషయం వైద్యానికి సంబంధించినదానికంటె చదువుకు సంబంధించినదే ఎక్కువ అని ఆమె అక్కడ వాదించింది. మందులతో బాగుచేయలేనిది బోధనతో బాగుచేయవచ్చునని ఒక డాక్టరే వచ్చి చెప్పడం సభికులకు కొత్త. 1900లో రోములో ఇటువంటి పిల్లలకు నేర్పే ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణాలయం ప్రారంభమైంది. దానికి ఆమె, డాక్టర్ జుసెప్పె మాంటెసానో ఇద్దరూ సంచాలకులు. దానికి అనుబంధంగా పిల్లల తరగతి ఒకటి ఉండేది. ఆమె ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు వరకు ఆ పిల్లలతోనే ఉండి స్వయంగా నేర్పేది. రాత్రి ఆనాటి పనిని వ్రాసుకుని, పోల్చి చూసుకునేది.

ఆ పిల్లలకు అక్షరాలు నేర్పిన పద్ధతిని మన తెలుగువారు ప్రత్యేకంగా గమనించాలి. ఆమె చెక్కతో అక్షరాలు చేయించి, వ్రాసే క్రమంలోనే పిల్లవాడి వేలిని వాటి మీద నడిపించేది. తరువాతి రోజుల్లో గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టల మీద అంటించింది. కంటికి అంతుపట్టని ఆకారం వేలికి తెలుస్తుంది, వేలికి తెలిసింది మనసులో నిలుస్తుంది. మన వీధిబడులలో ఇసుక పరచి వేలితో ఓనమాలు దిద్దించేవారు. గుంట ఓనమాలు అనే మాట అందులోంచి వచ్చిందే. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టి దిద్దించడం మనం ఈనాటికీ మానలేదు. ఆ డాక్టరమ్మకు మన ఆచారం తెలిసి ఉండదు. అయినా ఇద్దరూ ఒకే చోటికి చేరారు. మన ఆదివారం తెలుగు తరగతిలో పలక మీద అ వ్రాయలేక ఏడ్చే పిల్లలకు, ముందు పెన్సిలు పక్కన పెట్టి ఇసుక పళ్ళెం ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

ఫలితం ఏమయింది? పిచ్చాసుపత్రి నుంచి వచ్చిన ఆ పిల్లలలో కొందరు చక్కగా చదవడం, వ్రాయడం నేర్చుకుని, మామూలు బడి పిల్లలతో పాటు ప్రభుత్వ పరీక్షకు కూర్చుని ప్యాసయ్యారు. చూసినవారు అద్భుతం అన్నారు. ఆమె మాత్రం ఇంకొక ప్రశ్న వేసుకున్నది. తన పిల్లలు వాళ్ళతో సమానంగా రావడానికి కారణం, తాను వేరే విధంగా నేర్పడం. మరి ఏ లోపమూ లేని పిల్లలు, తెలివైన పిల్లలు, ఈ మందమతులతో సమానం చేయదగినంత కిందికి ఎందుకు దిగిపోయారు? వాళ్ళను బడి ఏం చేసింది? అందరూ చప్పట్లు కొడుతున్న వేళ ఇలాంటి ప్రశ్న వేసుకోవడానికి ధైర్యం కావాలి. ఆమె తరువాతి యాభై ఏళ్ళ పని అంతా ఆ ప్రశ్నలోంచి వచ్చిందే.

ఈ కాలంలోనే ఆమె సొంత జీవితంలో ఒక పెద్ద దుఃఖం నడిచింది. డాక్టర్ మాంటెసానోకు, ఆమెకు ప్రేమ కుదిరింది. 1898 మార్చి 31న వారికి మారియో అనే కొడుకు పుట్టాడు. పెళ్ళి జరగలేదు. పెళ్ళి కాని తల్లి అని తెలిస్తే ఆమె ఉద్యోగం, పేరు అన్నీ ఆ రోజే పోయేవి. బిడ్డను రహస్యంగా రోముకు దూరంగా పల్లెలో ఒక కుటుంబం దగ్గర పెంపకానికి ఇచ్చారు. 1901లో మాంటెసానో వేరొక స్త్రీని వివాహమాడాడు. మాంటిసోరి ఆ శిక్షణాలయం వదలి వెళ్ళిపోయింది. అప్పుడప్పుడు పల్లెకు వెళ్ళి కొడుకును చూసి వచ్చేది గాని, తల్లినని చెప్పేది కాదు. లోకంలోని పిల్లలందరి గురించీ వ్రాసిన మనిషి తన బిడ్డను ఒడిలో పెట్టుకోలేకపోయింది. దీనిని దాచి ఆమె చరిత్ర చెప్పడం ఒకప్పటి ఆనవాయితీ. దాచవలసిన అవసరం ఇప్పుడు లేదు. ఆమె తల్లి 1912లో మరణించిన తరువాత, పదిహేనేళ్ళ మారియో ఆమె దగ్గరకు వచ్చేశాడు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు అతనిని మేనల్లుడు అనో, పెంపుడు కొడుకు అనో పరిచయం చేసేవారు.

శిక్షణాలయం వదిలాక ఆమె మళ్ళీ విద్యార్థినిగా విశ్వవిద్యాలయంలో చేరి తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివింది. మామూలు పిల్లల మీద తన పద్ధతిని పరీక్షించే అవకాశం 1907లో విచిత్రంగా వచ్చింది. రోములో సాన్ లొరెంజో అనే పేదల పేట ఉంది. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాత భవనాలను బాగుచేసి కూలి కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద పడి గోడలు గీకుతూ అల్లరి చేసేవారు. ఆ గోడల సున్నం ఖర్చుకంటె పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టడమే చవక అని యజమానులు లెక్క వేశారు. ఆ గదిని చూసుకోమని డాక్టరమ్మను అడిగారు. 1907 జనవరి 6న యాభైమందికి పైగా పిల్లలతో ఆ గది తెరుచుకున్నది. పేరు పిల్లల ఇల్లు. శిక్షణ పొందిన ఉపాధ్యాయిని దొరకలేదు. మామూలు పనిపాటలు చేసుకునే ఒక యువతిని పెట్టుకున్నారు. అదే మేలయిందని మాంటిసోరి తరువాత అనుకున్నది. ఆ అమ్మాయికి పాత పద్ధతులు తెలియవు గనుక మరచిపోవలసినవీ ఏమీ లేవు.

ఆ గదిలో ఆమె చూసినవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. మూడేళ్ళ పిల్ల ఒకతె చెక్క దిమ్మలోని గుంటలలో లావు సన్నం గల గుండ్రటి కొయ్యలను అమర్చుతూ కూర్చున్నది. తీయడం, కలిపివేయడం, మళ్ళీ అమర్చడం. మాంటిసోరి లెక్కపెట్టసాగింది. మిగతా పిల్లలను చుట్టూ చేరి పాడమన్నది. ఆ పిల్లను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టింది. పిల్ల కొయ్యలను ఒడిలో పట్టుకుని పని సాగించింది. నలభైసార్లకు పైగా చేసి, నిద్ర లేచినదానిలాగా తేరుకుని నవ్వింది. ఆ కొయ్యల గొప్పతనం ఏమిటంటే, తప్పు జరిగితే చివరికి ఒక కొయ్య మిగిలిపోతుంది. తప్పు అని పంతులమ్మ చెప్పనవసరం లేదు, నలుగురిలో సిగ్గుపడనవసరం లేదు. బుద్ధి నిదానంగా ఉన్న పిల్లలకు ఈ కొయ్యలు ఇచ్చినప్పుడు ఆమె దగ్గర కూర్చుని ప్రోత్సహించవలసి వచ్చేది. ఇక్కడి పిల్లలు తామే తప్పు దిద్దుకుంటూ ముందుకు పోయారు. పనిముట్టు ఒక్కటే. ఒకరికి చేయి పట్టాలి, ఇంకొకరికి చేయి వదలాలి. ఎవరికి ఏది అనేది కనిపెట్టడమే ఉపాధ్యాయిని పని.

ఒకనాడు పంతులమ్మ ఆలస్యంగా వచ్చింది. ముందురోజు అలమర తాళం వేయడం మరచింది. వచ్చి చూసేసరికి పిల్లలు ఎవరికి కావలసిన వస్తువు వాళ్ళు తీసుకుని పనిలో మునిగి ఉన్నారు. ఆమె దొంగతనం అనుకున్నది. మాంటిసోరికి మాత్రం వీళ్ళకు ఏది కావాలో వీళ్ళకే తెలుసునని అర్థమయింది. పొడుగాటి అలమరలు పోయి, పిల్లల చేతికి అందే చిన్న అలమరలు వచ్చాయి. తాళాలు లేవు. ఇంకొకనాడు ఆమె, చప్పుడు కాకుండా ముక్కు తుడుచుకోవడం ఎలాగో పాఠంగా చెప్పింది. నవ్వుతారనుకుంటే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ముక్కు తుడుచుకోలేదని రోజూ తిట్లు తినే పేద పిల్లలకు, ఎలా తుడుచుకోవాలో అంతవరకు ఎవరూ మర్యాదగా చెప్పలేదట.

వ్రాయడం వచ్చిన రోజు కథ అన్నిటికంటె ప్రసిద్ధం. గరుకు అక్షరాల మీద వేళ్ళు తిప్పి తిప్పి ఉన్న పిల్లలు ఎండగా ఉన్న ఒక చలికాలపు రోజున ఆమెతో డాబా మీద ఉన్నారు. ఐదేళ్ళ పిల్లవాడికి సుద్దముక్క ఇచ్చి ఎదురుగా ఉన్న పొగగొట్టం బొమ్మ వేయమన్నది. వేశాడు. ఇక ఒక మాట వ్రాయమన్నది. చేయి అనే మాట నేల మీద వ్రాసి, తనకు వ్రాయడం వచ్చిందని కేకలు పెట్టాడు. మిగతావాళ్ళు చుట్టూ మూగి సుద్దముక్కలు అడిగి తామూ వ్రాయసాగారు. ఎవరూ వాళ్ళకు కాపీ వ్రాయించలేదు. నాలుగేళ్ళ పిల్లలు వ్రాస్తున్నారని వార్త పాకేసరికి దేశదేశాల నుంచి చూడడానికి జనం వచ్చారు.

ఆ గదిలో మూడేళ్ళవాళ్ళు, ఆరేళ్ళవాళ్ళు కలిసే ఉండేవారు. ముందుకు పరుగెత్తే పిల్లకు ఇంకా ఆ తరగతి రాలేదు ఆగమని చెప్పేవారు లేరు. వెనుకబడిన పిల్లవాడిని నిలబెట్టి రాంకు చదివేవారు లేరు. పెద్దపిల్ల చిన్నవాడికి చూపిస్తుంది, చూపించడంలో తానూ గట్టిపడుతుంది. మన రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో ఒకే కొట్టంలో ఒకే మాస్టారు నాలుగు తరగతులు నడిపిన బడులను పెద్దలు ఇంకా తలచుకుంటారు. అది పేదరికం వల్ల వచ్చిన ఏర్పాటు, పద్ధతి కాదు. అయినా పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు ఎక్కాలు అప్పజెప్పించిన ఆ కొట్టాలలో మంచి ఒకటి ఉండేదని, దానిని మనం తెలియకుండానే పారేసుకున్నామని నాకు అనిపిస్తుంది.

1909లో ఆమె తన పద్ధతి మీద గ్రంథం ప్రచురించింది. అది కొద్దికాలంలోనే అనేక భాషలలోకి వెళ్ళింది. 1913లో అమెరికా వెళ్ళినప్పుడు న్యూయార్కు కార్నెగీ హాలు నిండిపోయింది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్, వినికిడి లేని ఆయన భార్య మేబెల్ ఆమె పనిని ఆ దేశంలో నిలబెట్టడానికి పూనుకున్నారు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజు గోడల తరగతి పెట్టారు. జనం బయట నిలబడి చూస్తూంటే లోపల పిల్లలు తల ఎత్తకుండా పని చేసుకున్నారు. తరువాత అమెరికా పండితులు విమర్శించారు, ఉత్సాహం చల్లారింది. మళ్ళీ అక్కడ ఆ బడులు లేచినది 1960 ప్రాంతంలోనే. తన పద్ధతిలో ఎవరూ ఒక మాట మార్చకూడదని, శిక్షణ తన చేతి మీదుగానే జరగాలని ఆమె పట్టుబట్టడం కూడా ఆ చల్లారడానికి ఒక కారణం.

ముస్సోలినీ విషయం చెప్పకుండా దాటడం న్యాయం కాదు. 1924 నుంచి ఆ నియంత ప్రభుత్వం ఆమె బడులకు అండగా నిలిచింది, ఆమె ఆ అండ స్వీకరించింది. పిల్లవాడి స్వేచ్ఛ గురించి చెప్పిన మనిషి ఆ చేయి పట్టుకోవడం ఆమె అభిమానులను ఈనాటికీ బాధిస్తుంది. బడులు బతకాలని ఆమె ఆశ. అయితే బడి పిల్లలను చిన్న సిపాయిలను చేయాలని ప్రభుత్వం కోరేసరికి పొత్తు చెడింది. 1934 నాటికి ఆమె ఇటలీ వదలవలసి వచ్చింది, అక్కడి బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు కూడా మూయించారు. స్పెయినులో ఉంటే 1936లో అంతర్యుద్ధం వచ్చింది. చివరికి హాలండు దేశంలో ఆమ్‌స్టర్‌డాం ఆశ్రయమిచ్చింది. డైరీ వల్ల లోకానికంతా తెలిసిన ఆన్ ఫ్రాంక్ అనే యూదు బాలిక ఆ నగరంలోనే ఒక మాంటిసోరి బడిలో చదువుకున్నది.

1939లో మద్రాసు అడయారు నుంచి దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య, నాట్యానికి పేరుపొందిన రుక్మిణీదేవి ఆమెను ఆహ్వానించారు. కొన్ని నెలలు ఉండి పోదామని నవంబరులో మారియోతో కలిసి వచ్చింది. అప్పటికి వయసు అరవైతొమ్మిది. మద్రాసు రాజధానిలో అప్పుడు ఆంధ్ర జిల్లాలు భాగం. దేశం నలుమూలల నుంచి మూడువందలమంది ఉపాధ్యాయులు శిక్షణ కోసం వచ్చారు. చెట్ల మధ్య తాటాకు పందిళ్ళు వేశారు. ఆమె ఇటాలియన్‌లో చెప్పేది, మారియో పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పేవాడు. నేల మీద చాప పరచుకుని కూర్చోవడం, చెప్పులు బయట వదలడం, చేతితో పనులు చేయడం ఆమెకు తన పద్ధతికి కుదిరినట్టుగా తోచింది.

1940 జూనులో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఆ క్షణం నుంచి వారిద్దరూ బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశస్థులు. మారియోను అహమద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమెను అడయారు ఆవరణ దాటవద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్ళు నిండాయి. ఆనాడు వైస్రాయి దగ్గర నుంచి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా మారియోను విడుదల చేస్తున్నామని దాని సారాంశం. ఆ తంతిలో మారియోను ఆమె కొడుకని పేర్కొన్నారని చెబుతారు. నలభై ఏళ్ళ రహస్యం అలా ఒక సర్కారు కాగితంలో బయటపడింది.

యుద్ధం ముగిసేవరకు వారు తిరిగి వెళ్ళలేకపోయారు. అడయారు ఎండకు తాళలేక కొంతకాలం కొడైకెనాల్ కొండల మీద ఉండి అక్కడ ఒక బడి నడిపారు. అందులో చంటిపిల్లల నుంచి పన్నెండేళ్ళవారి వరకు ఉండేవారు. పెద్ద తరగతుల కోసం ఆమె చేసిన ఆలోచన చాలా భాగం అక్కడే రూపు దిద్దుకున్నది. ఏదైనా ఒక విషయంలో దూసుకుపోయే పిల్లవాడికి తరగతి పుస్తకం సరిపోదు. అతనికి ఆకాశం, భూమి, చెట్టు, చరిత్ర అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన కథగా చూపాలని ఆమె అక్కడ పాఠాలు తయారు చేసింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే ఇక్కడ మలయాలో జపాను వారి పాలనలో మన తోటలవాళ్ళను సయాం రైలుమార్గానికి తరలించుకుపోయారు. ఎందరో తిరిగి రాలేదు. ఎందరో పిల్లలకు చదువు అక్కడితో ఆగిపోయింది. మన వంశవృక్షాలలో చాలా ఇళ్ళకు ఆ ఖాళీ ఉంది.

అహమ్మదాబాదులో, సింహళంలో కూడా ఆమె తరగతులు నడిపింది. 1946లో యూరపు వెళ్ళి, మరుసటి సంవత్సరం మళ్ళీ ఇండియాకు వచ్చింది. 1949 వరకు రాకపోకలు సాగాయి. ఇండియాలో ఇచ్చిన ఉపన్యాసాల నుంచి తయారైన ఆమె గ్రంథం, పసిమనసు చుట్టూ ఉన్నదానినంతా ఎలా పీల్చుకుంటుందో చెప్పేది, 1949లో అడయారులోనే మొదట అచ్చయింది. పుట్టిన కొన్నేళ్ళలో బిడ్డ చుట్టూ వినబడే భాషను ఎవరూ నేర్పకుండానే పట్టుకుంటాడని అందులో ఆమె వివరించింది. ఇంట్లో తెలుగు మాట్లాడడమా, మానడమా అని తర్కించుకునే మన కుటుంబాలు ఆ పుస్తకం చూడవలసినదే.

నోబెలు శాంతి బహుమతికి 1949, 1950, 1951 సంవత్సరాలలో ఆమె పేరు ప్రతిపాదించారు గాని బహుమతి రాలేదు. 1952 మే 6న హాలండు సముద్రతీరంలో నోర్డ్‌విక్ అనే ఊరిలో, ఆఫ్రికాకు వెళ్ళి అక్కడి ఉపాధ్యాయులకు నేర్పుదామని మారియోతో మాట్లాడుతూ ఉండగా, ఎనభైఒకటవ ఏట ఆమె కన్నుమూసింది. అక్కడే సమాధి చేశారు. తన వీలునామాలో ఉన్నదంతా మారియోకు వ్రాస్తూ అతనిని తన కొడుకని పేర్కొన్నది. మారియో 1982లో మరణించేవరకు ఆ పనినే సాగించాడు.

ఈనాడు ఆ పేరుగల బడులు చాలాచోట్ల ఖరీదైన బడులు. పేటలో గోడలు గీకే పిల్లల కోసం, ఆసుపత్రి నేల మీద రొట్టె పొడి ఏరుకున్న పిల్లల కోసం పుట్టిన పద్ధతికి ఇలా జరిగింది. ఆ పేరు వాడుకోవడానికి చాలా దేశాలలో అడ్డు కూడా లేదు, బోర్డు వ్రాయించుకుంటే చాలు. పిల్లను చేర్చే ముందు ఆ గదిలోకి వెళ్ళి, అలమరలు పిల్లల చేతికి అందుతున్నాయా, నెమ్మదిగా నేర్చుకునే పిల్లలను చేర్చుకుంటారా అని తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి. రెండవ ప్రశ్నకు వచ్చే జవాబు ముఖ్యం.

ఇటలీ ప్రభుత్వం 1990లో విడుదల చేసిన వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ వేసింది. ఆ దేశపు నోట్లలో అన్నిటికంటె తక్కువ విలువగల నోటు అది. కాఫీకీ, బస్సు టిక్కెట్టుకూ ప్రతివారి చేతిలోనూ తిరిగింది. 2002లో యూరో వచ్చేవరకు చెలామణిలో ఉన్నది. వెనుక వైపున చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు ఉంటారు.